మూడో కుళాయి ఆర్డరు

ఆ కొట్టులో సరుకు లేదు. నాలుగు వందల పైచిలుకు రకాలు అమ్ముతారు, ఒక్కటీ అక్కడ కనపడదు. మోటార్లు చుట్టే షాపు పైన, ఇరుకు మెట్లెక్కితే ఒక గది. మూడు బల్లలు, మూడు కంప్యూటర్లు, ఒక ఇనప బీరువా, కింది నుంచి రోజంతా వచ్చే కాలిన వార్నిష్ వాసన. కొనేవాడు ఎక్కడో కూర్చుని బొమ్మ చూసి డబ్బు కడతాడు. ఆ ఆర్డరు ఇంకెక్కడో ఉన్న సప్లయరుకి పోతుంది. వాడు తన గోదాములోంచి తీసి నేరుగా కొన్నవాడి ఇంటికి పంపుతాడు. మధ్యలో కూర్చున్న ఓనరు ఆ వస్తువుని ముట్టుకోడు, మోయడు, కట్టడు. లాభం మాత్రం ఆయనకి. దీన్ని ఆయన కష్టం అంటాడు.

ఏ చోటికి పంపడానికి ఎంత తీసుకోవాలో కంప్యూటర్లో నింపేది ఒకామె. ఆఫీసులో ఆమె పేరు రేట్లమ్మ. పక్క బల్ల దగ్గర యాభై దాటిన మనిషి, ఒకప్పుడు టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో ఆపరేటరు. వస్తువు విరిగిందనీ రాలేదనీ రంగు మారిందనీ రాసేవాళ్ళందరికీ రోజుకి రెండొందలసార్లు సారీ అని కొడుతుంది కాబట్టి సారీ పిన్ని.

సోమవారం ఓనరు కుర్చీ లాక్కుని రేట్లమ్మ పక్కన కూర్చున్నాడు. వేలితో చూపించడు. కారు తాళంచెవితో చూపిస్తాడు.

"పాత రేట్లన్నీ తీసెయ్యి. కొత్తగా నాలుగు జోన్లు. ఊరు ఒకటి. చుట్టుపక్కల ఒకటి. దూరం ఒకటి. నాలుగోది ఇదిగో."

తాళంచెవి కాగితం మీద ఆగింది. నాలుగు పోస్టు కోడ్లు.

"ఇవి దూరం కాదు కదండీ. ఊళ్ళోవే."

"ఊళ్ళోవే. అక్కడ ఇళ్ళకి నంబర్లుండవు. కొరియరోడు సందులన్నీ తిరిగి వెనక్కి తెస్తాడు. వెనక్కొచ్చిందల్లా నా నెత్తిన."

"అయితే అక్కడికి పంపం అని పెట్టేస్తాను."

"ఎప్పుడూ అలా పెట్టకు. పంపం అంటే ఎందుకు పంపరని ఎవడో ఒకడు లేస్తాడు. ఫొటో తీసి నలుగురికీ చూపిస్తాడు. లేదనకు. రేటు పెట్టు. చూసి వాళ్ళే పోతారు."

"ఎంత పెట్టమంటారు?"

"చూడగానే నవ్వొచ్చేంత."

"ఎవరికండీ నవ్వు?" అంది సారీ పిన్ని, తెర మీంచి చూపు తిప్పకుండానే. ఓనరు విననట్టే లేచిపోయాడు.

మొదటి మూడు జోన్లూ రేట్లమ్మ చకచకా నింపేసింది. కిలోకి ఇంత, రెండు కిలోలకి ఇంత, ఐదు దాటితే ఇంత. నాలుగో జోను తెరిచి కోడ్లు కొట్టడం మొదలుపెట్టింది. రెండో కోడు దగ్గర కాగితం చూడాల్సిన పని పడలేదు. బడిలో చేరినప్పటి నుంచీ పెళ్ళయ్యే దాకా ప్రతి ఫారం మీదా ఆ అంకెలే రాసింది. గాజు ఫ్యాక్టరీ వెనక సందులు. ఆఫీసులో ఎవరికీ తెలియదు. బస్టాండు దగ్గర మా ఇల్లు అని చెప్పింది, ఇప్పుడు ఉంటున్నది అక్కడే కాబట్టి అబద్ధమూ కాదు.

వేళ్ళు ఆగాయి. తర్వాత ఆగలేదు. తాము అమ్మే మాట్లాడే గడియారం ధరకి ఆరు రెట్లుండే అంకె ఒకటి గడిలో పెట్టింది. ఆ రేటు దేనికి అని ఇంకో గడి అడుగుతుంది: ఆర్డరుకా, వస్తువుకా, కిలోకా అని. దాన్ని తెరవబోతుంటే వెనక బీరువాలోంచి ఆడగొంతు వినిపించింది.

"సమయం, నాలుగు గంటలు."

రేట్లమ్మ చెయ్యి అదిరింది. సేవ్ నొక్కేసింది.

అప్పుడు టైము పగలు పదకొండు.

"మీ అత్తగారు లేచారు," అంది సారీ పిన్ని. "పోయిన వారం ఎవరో తిప్పి పంపిన గడియారం. చూపు లేనివాళ్ళకట, గంటగంటకీ తనే చెబుతుంది. ఎవరూ టైము కలపలేదు, దానికి తోచిన టైమే చెబుతోంది. బ్యాటరీ తియ్యమన్నారు ఓనరు. ఎవరు తీస్తారు, ఆ డబ్బా మీదున్న టేపు చూశావా? శవాన్ని కట్టినట్టు కట్టారు."

రేట్లమ్మ అరచేతులు చీరకి తుడుచుకుంది. నాలుగు. పదకొండు నెలల కిందట ఒక మధ్యాహ్నం ఆమె నోట్లోంచి ఊడిపడ్డ మాట కూడా అదే.

*

మంగళవారం తొమ్మిదింబావుకి ఒక బుట్ట ఆగింది.

ఆగిన బుట్టలు అని ఒక పేజీ ఉంటుంది. వస్తువు ఎంచుకుని, పేరూ చిరునామా నింపి, పంపే రేటు చూసి వెళ్ళిపోయినవాళ్ళ జాబితా అది. ఓనరుకి ఆ పేజీ అంటే ప్రాణం. మీ బుట్ట మీకోసం ఎదురు చూస్తోంది అంటూ వాళ్ళకి కబుర్లు పంపిస్తాడు. నాలుగో జోను వాళ్ళకి మాత్రం పంపొద్దన్నాడు.

బుట్టలో ఒకటే వస్తువు. మాట్లాడే గడియారం. పేరు గడిలో మనిషి పేరు లేదు, మూడో కుళాయి అని ఉంది. చిరునామా: గాజు ఫ్యాక్టరీ వెనక, మూడో కుళాయి దగ్గర, ఎవరినడిగినా చెబుతారు. కింద ఫోను నంబరు. చివరి నాలుగు అంకెలు చూశాక మిగతావి చదవనక్కర్లేదు ఆమెకి. అక్క నంబరు. పదకొండు నెలలుగా నొక్కని నంబరు.

రేట్లమ్మ ఆ పేజీ మూసేసి దూరం జోనులో ఊళ్ళు నింపసాగింది. పది గంటలకి మళ్ళీ తెరిచింది. అదే బుట్ట, మళ్ళీ వచ్చి మళ్ళీ ఆగింది. పదకొండుకి బీరువా నాలుగు అంది. పన్నెండుకి ఐదు అంది. ఒంటిగంటకి అన్నం గిన్నె మూత తీసి, రెండు ముద్దలు తిని, మూత పెట్టేసింది.

"ఏంటే, కూర బాలేదా?"

"ఆకలి లేదు పిన్నీ."

"దయ్యం పట్టినదానిలా ఆ పేజీ ఎందుకు పదేపదే తెరుస్తున్నావ్?"

ఫోను తీసి ఒక్క మాట చెప్పొచ్చు. ఆ రేటు నిజం రేటు కాదక్కా, మిమ్మల్ని పొమ్మనడానికి పెట్టింది, పెట్టింది నేనే. చెప్పాక అక్క ఏమంటుందో కూడా తెలుసు. ఏమీ అనదు. అదే భరించలేనిది.

బుధవారం బుట్ట పెరగడం మొదలైంది. పొద్దున ఒక గడియారం. కాసేపటికి రెండు. ఆ తర్వాత మూడు. ప్రతిసారీ రేటు పేజీ దాకా వస్తుంది, ఆగుతుంది, వెనక్కి పోతుంది. ఐదు గడియారాలు, రెండు మోకాలి పట్టీలు. తొమ్మిది గడియారాలు, మోకాలి పట్టీలు, ఒక కుక్కరు. బరువు మూడు కిలోలు, ఐదు, ఎనిమిది దాటింది. పంపే రేటు గడిలో అంకె కదల్లేదు. అదే నవ్వొచ్చే అంకె, ఒక్కసారే.

రేట్లమ్మ నాలుగో జోను తెరిచి చూసింది. ఆ రేటు దేనికి అనే గడిలో ఆర్డరుకి అని ఉంది. కిలోకి అని మార్చడం మర్చిపోయింది. మర్చిపోయిందో, చెయ్యి అదిరిందని తనకి తనే చెప్పుకుంటోందో. ఆ గడి మీద బాణం పెట్టి చాలాసేపు కూర్చుంది. ఒక్క నొక్కు నొక్కితే చాలు, గోడలో కన్నం పూడిపోతుంది.

అవతల ఎవరో ఆ గోడని వేళ్ళతో తడుముతున్నారు. ఈ మూల నుంచి ఆ మూలకి, ఓపిగ్గా. చూపు పోయాక అమ్మ అలాగే తడిమేది. వాకిలి నుంచి పొయ్యి దాకా గోడంతా ఆమె చేతి జిడ్డుతో నల్లటి గీత ఒకటి పడింది. సున్నం వేసినా పోలేదది.

బాణాన్ని పక్కకి లాగేసింది రేట్లమ్మ.

*

గురువారం సరిగ్గా పదకొండుకి ఆర్డరు పడింది. డబ్బు కట్టేశారు. తొమ్మిది మాట్లాడే గడియారాలు, మోకాలి పట్టీలు, రెండు కుక్కర్లు, వానకి వేసుకునే కోట్లు, బడి సంచులు, కర్రకి తొడిగే రబ్బరు టోపీలు, ఒక కుట్టుమిషను మోటారు. మొత్తం ముప్పై ఏడు వస్తువులు. పంపే ఖర్చు ఒక్కటే. ముప్పై ఏడు భాగాలు చేస్తే ఊళ్ళోవాళ్ళు కట్టేదాని కంటే తక్కువ.

ఓనరు ఫోను మోగింది. ముందు మొహం వెలిగింది. తర్వాత కోడు చూశాడు.

"ఇదేంటి? ముప్పై ఏడింటికి ఒక్క రేటా?"

"ఆర్డరుకి అని పడిందండీ."

"ముప్పై ఏడు వస్తువులు పదకొండు మంది సప్లయర్ల దగ్గర్నుంచి రావాలి. ప్రతివాడూ విడిగా పంపే ఖర్చు అడుగుతాడు. ఎవరు పెట్టుకుంటారు, నువ్వా?"

"అడిగిన రేటు కట్టారు కదండీ."

"అది కట్టడానికి పెట్టింది కాదు." తాళంచెవి బల్ల మీద టకటకలాడింది. "ఆపెయ్. ఇప్పుడే కాదు, డబ్బు పడిన గంటలోనే ఆపితే బ్యాంకువాళ్ళు అడుగుతారు. రేపు పొద్దున సరుకు అయిపోయిందని పంపి ఆపు. పదకొండు దాటనీకు. ఇరవై నాలుగ్గంటలు దాటితే కంప్యూటరే సప్లయర్లందరికీ పంపేస్తుంది, తర్వాత దేవుడు కూడా ఆపలేడు. ఆపాక ఆ గడి మార్చు. లేదంటే నువ్వే మారిపోతావ్."

ఎలా ఆపాలో, ఏ పేజీలో ఆపాలో ఆయనకి తెలియదు. తన కొట్టు తలుపు ఎక్కడుందో తెలియని ఓనరు.

సాయంత్రం రేట్లమ్మ బస్టాండు వైపు వెళ్ళే బస్సు వదిలేసి ఎదురుగా వచ్చినదెక్కింది. ఆర్డరు ఆగిపోతుందని చెప్పేసి రావాలి. ఆశపెట్టి కూర్చోబెట్టడం కంటే మొహం మీదే చెప్పడం నయం. ఫ్యాక్టరీ గోడ పొడవునా నడిచింది. మూసేసి మూడేళ్ళయింది, ఇంకా గాజుపొడి చెప్పుల కింద కరకరలాడుతూనే ఉంది. గొట్టం మీద ఒకప్పుడు కూత వేసే ఇత్తడి గరాటు లేదు, ఎవరో ఊడబెరికారు. ఆ కూతతోనే ఈ సందులు లేచేవి, తినేవి, పడుకునేవి.

మూడో కుళాయి దగ్గర అక్క తొట్టిలో సీసాలు కడుగుతోంది. పక్క అరుగు మీద కొలిమి మేస్త్రీ, ఇంకో ముగ్గురు ముసలాళ్ళు. నలుగురి కళ్ళల్లోనూ పాలగాజు. పాతికేళ్ళు కొలిమి నోట్లోకి చూసిన కళ్ళు అలాగే అయిపోతాయి. ఫ్యాక్టరీ డాక్టరు దాన్ని వయసు అని రాశాడు. ముప్పై ఎనిమిదేళ్ళకే చూపు పోయిన అమ్మకి కూడా వయసు అనే రాశాడు.

"ఎవరొచ్చారు?" అన్నాడు మేస్త్రీ.

"చుట్టాలు," అంది అక్క, తల ఎత్తకుండా. "దారి తప్పి."

"ఏ చుట్టం?"

"పదకొండు నెలల చుట్టం. కూర్చుంటావా, నిలబడే పోతావా? ఇక్కడ కుర్చీల్లేవు, ఆఫీసు బట్టలు నలుగుతాయేమో."

"అక్కా, ఒక మాట చెప్పాలి."

"చెప్పు. సీసాలు కడగడానికి చెవులు అక్కర్లేదు."

ఆమె నోరు తెరిచేలోగా మేస్త్రీ అందుకున్నాడు. "నువ్వటే చిన్నమ్మాయ్. రా. మేమో ఆర్డరిచ్చాం, తెలుసా? ఆ కొట్టువాడు మనకి పెట్టిన రేటు చూసి మీ అక్క ఫోనుని బూతులు తిట్టింది. నేనన్నాను, ఇంకోటి వేసి చూడమని. వేసింది. రేటు కదల్లేదు. ఇంకోటి వెయ్యమన్నాను. కదల్లేదు. కొలిమి గోడంతా ఒకే వేడి ఉండదమ్మాయ్. తడుముతూ పోతే ఎక్కడో ఒక ఇటుక చల్లగా తగులుతుంది."

"పొరపాటున పెట్టి ఉంటారు తాతా."

"అయ్యుండొచ్చు. లేదా పెట్టినవాడు మనవాడయ్యుండాలి."

"మనవాళ్ళకంత దయ ఎక్కడేడిసింది," అంది అక్క.

"ఏదైనా రేపటికి దిద్దేసుకుంటాడు కదా. అందుకే సందు సందంతా ఒకేసారి దూరాం. ఫోన్లున్నవాళ్ళు పొద్దున్నే పనికి పట్టుకుపోతారు. కూత ఆగినప్పట్నుంచి మాకు పొద్దు తెలీదు. ఎండ చల్లబడితే సాయంత్రం అనుకుంటాం. మబ్బు పట్టినా సాయంత్రమే. మందులు మధ్యాహ్నం రెండుసార్లు మింగి ఆస్పత్రిలో పడ్డాడు వీడు."

పక్కనున్నాయన సిగ్గుపడ్డట్టు నవ్వాడు. మూలనున్న ముసలామె మొహం గాలిలోకి ఎత్తి అడిగింది.

"టైమెంతయిందమ్మా?"

రేట్లమ్మ నాలుక మీదికి ఒక అంకె అప్పటికే వచ్చేసింది. చిన్నప్పటి నుంచీ అలవాటు. అమ్మ అడుగుతుంది, లోపల్నుంచి ఏదో ఒక అంకె విసురుతుంది, అమ్మ ఊరుకుంటుంది. ఆ అంకెని మింగేసి, సంచిలోంచి ఫోను తీసి చూసింది.

"ఆరూ పన్నెండు."

అక్క చేతిలో సీసా ఆగింది. మొదటిసారి తలెత్తింది.

"చూసి చెప్పావే."

రేట్లమ్మ తొట్టి పక్కన గొంతుక్కూర్చుంది. ఒక సీసా తీసుకుని బ్రష్ దూర్చింది. 

"ఆ రోజు చూళ్ళేదక్కా. జడ వేసుకుంటున్నాను. అమ్మ అడిగింది, నాలుగని అరిచాను. బయటికొచ్చి చూస్తే గోడకి చేరబడి ఉంది, ఊపిరి లేదు. చావు కాగితంలోనూ నాలుగనే రాయించాను."

"తెలుసు. అప్పటికి కుళాయే రాలేదు. కుళాయి వచ్చేది మూడుకి."

"మరెందుకు అడగలేదు నన్ను?"

"అడిగితే ఏం చేస్తావు, కాగితం దిద్దిస్తావా?" అక్క సీసాని వెలుతురుకి పట్టి చూసి పక్కన పెట్టింది. "అమ్మకీ తెలుసే, నువ్వు చూడకుండా చెబుతావని. నిజం టైము కావాలంటే నన్నడిగేది. నిన్నడిగేది నీ గొంతు కోసం. లోపల గదిలో ఉన్నావో, గడప దగ్గరికొచ్చావో, వెళ్ళిపోయావో తెలుసుకోడానికి."

రేట్లమ్మ అదే సీసాని తిప్పి తిప్పి కడిగింది. నీళ్ళు చల్లగా ఉన్నాయి.

"ఏదో చెప్పాలన్నావు," అంది అక్క.

"ఏం లేదు. సరుకు ఎప్పుడొస్తుందన్నారు?"

"నువ్వే చెప్పాలి. కంప్యూటర్ ఆఫీసు కదా నీది."

అక్క కళ్ళల్లోకి చూసింది రేట్లమ్మ. అక్కకి ఎంత తెలుసో అందులో దొరకలేదు.

*

శుక్రవారం ఆఫీసుకి వస్తూనే బీరువా తెరిచింది. డబ్బా మీది టేపు ఒక్కో పొరా గోళ్ళతో పీకింది. ఆ చప్పుడుకి సారీ పిన్ని చెవులు మూసుకుంది. అరచేతంత గుండ్రటి గడియారం. వెనక రెండు చిన్న బొత్తాలు. ఫోనులో టైము చూస్తూ నిమిషం నిమిషం కలిపి, బల్ల మీద తన ఎదురుగా పెట్టుకుంది.

పదిన్నరకి సారీ పిన్ని కుర్చీ దగ్గరికి జరిపింది.

"సరుకు లేదని రాయమంటావా వాళ్ళకి? నా దగ్గర సారీలు రకరకాలున్నాయి."

"వద్దు పిన్నీ."

పిన్ని తెర వైపు చూసింది, గడియారం వైపు చూసింది. చేతులు ఒళ్ళో పెట్టుకుంది. "ఎక్స్ఛేంజీలో ఉన్నప్పుడు కొన్ని కాల్స్ మధ్యలో పీకెయ్యమనేవాళ్ళు, సమ్మె చేసేవాళ్ళవి. నాకెందుకో సరిగ్గా అప్పుడే దగ్గొచ్చేది."

పది యాభైకి ఓనరు ఫోను చేశాడు. దారిలో ఉన్నాడు, వెనక హారన్లు వినిపిస్తున్నాయి.

"ఆపావా?"

"ఆ పేజీ ముందే కూర్చున్నానండీ."

"తొందరగా కానీ."

తెర మీద ముప్పై ఏడు వరసలు, ఒక్కోదాని పక్కన పసుపుపచ్చ చుక్క. పైన కుడి చేతివైపు ఆపు అనే ఎర్ర గడి. చెయ్యాల్సిన పనేం లేదు. ఏమీ చెయ్యకుండా కూర్చోవాలి, అంతే. జీవితంలో ఇంత బరువైన పని చెయ్యలేదామె. ఈ నెల ఇంటి అద్దె గుర్తొచ్చింది. ఇంట్లో మొగుడి మొహం గుర్తొచ్చింది. చెయ్యి మౌసు మీదికి పోతుంటే రెండో చేత్తో పట్టుకుని ఒళ్ళోకి తెచ్చుకుంది.

సారీ పిన్నికి దగ్గొచ్చింది. గోడ వైపు తిరిగి చాలాసేపు దగ్గింది.

"సమయం, పదకొండు గంటలు."

మొదటి వరసలో చుక్క ఆకుపచ్చగా మారింది. తర్వాత రెండోది. గడియారాలు, పట్టీలు, కోట్లు, సంచులు, ఒకటొకటిగా కిందికి దిగుతూ చివరికి కుట్టుమిషను మోటారు. ఎర్ర గడి మాయమైంది.

మెట్ల మీద బూట్ల చప్పుడు. ఓనరు తలుపు తోసుకుని వచ్చి నేరుగా ఆమె తెర ముందు నిలబడ్డాడు. చూశాడు. పచ్చచుక్కలన్నీ లెక్కపెడుతున్నట్టు తాళంచెవి గాల్లో కదిలి ఆగింది.

"ఆ సందులతో నీకేంటి సంబంధం?"

"నా కోడు అదేనండీ. రెండోది."

ఆయన మొహం ఎర్రబడింది. గొంతు మాత్రం పెంచలేదు. చేతికి వాచీ ఉన్నా దాని వైపు చూడలేదు.

"నేనెప్పటి లోపు ఆపమన్నాను? ఇప్పుడు టైమెంతయింది?"

రేట్లమ్మ కుర్చీలోంచి లేచింది. బల్ల మీది గడియారం చేతిలోకి తీసుకుంది. కాగితంలో రాయించబోయేదాన్ని చూసినట్టు పెద్ద ముల్లునీ చిన్న ముల్లునీ తీరిగ్గా చూసింది. ఎదురుగా ఉన్నవాడికి చెప్పడానికి అంత గట్టిగా అనక్కర్లేదు. వాకిట్లో గోడకి చేరబడి కూర్చున్న మనిషికి వినపడేంత గట్టిగా చెప్పింది.

"పదకొండూ నాలుగు."